గల్లంతైన అడవిపిల్లి

"ఈ లోకంలో నేరస్థులు హాయిగా నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే. నేనింకా రంగంలోకి దిగలేదు!" అంటూ భూతద్దం మామయ్య యూనివర్సిటీ మెట్లెక్కాడు. రెండో మెట్టు మీదే బోర్లా పడ్డాడు.

మేనకోడలు లేవదీసింది. పాపం, ఆ పిల్ల గుండె అప్పటికే గుప్పెట్లో ఉంది. వన్యప్రాణుల చదువు, అందులోనూ ఆఖరి సంవత్సరం. ఒక అడవిపిల్లి మెడకు రేడియో పట్టీ కట్టి, ఏడాదిగా దాని వెంటే తిరుగుతోంది. పిల్లి తిరుగుతుంటే, ఆ పట్టీ సంకేతాలు అందుకునే తన చేతిలోని డబ్బా నిదానంగా కూస్తుంది, కదలకపోతే గబగబా కూస్తుంది. నిన్నటినుంచీ ఒకటే గబగబ. అదీ అడవిలోంచి కాదు, వాళ్ళ డిపార్టుమెంటు భవనంలోంచే! గోడలకు తగిలి ఏ గదిలోంచో తెలిసి చావడం లేదు. సాయంత్రంలోగా పిల్లి ప్రాణాలతో కనపడకపోతే ప్రాజెక్టు మళ్ళీ మొదటికేనన్నారు పాఠాలు చెప్పే మేడమ్.

"ఇది హత్య!" అన్నాడు మామయ్య.

"ఊరుకో మామయ్యా! పట్టీ ఊడి పడిందేమో."

"అమాయకురాలా! నేరం నీ ముక్కు కిందే ఉంది."

"నా ముక్కు కింద నీ గొడుగుంది, ముందది తియ్యి."

అంతలో అటెండరు వచ్చాడు. చేతులు ఎర్రగా ఉన్నాయి. మామయ్య ఎగిరి గంతేశాడు. "నెత్తురు!"

"రంగు బాబూ. మన డిపార్టుమెంటు మ్యూజియం కిటికీకి వేస్తున్నా. అద్దం కూడా పగిలింది, రేపు బిగించాలి."

"సాక్ష్యాలకే రంగు పూస్తున్నావా!" అని మామయ్య మ్యూజియంలోకి దూసుకెళ్ళాడు. లోపల మసక చీకటి. ఎదురుగా నల్లటి భారీ మనిషి. మామయ్య గొడుగు గురిపెట్టాడు. "చేతులు పైకెత్తు!"

చేతులు అప్పటికే పైకున్నాయి.

"చూశావా? నా గొంతు వినగానే లొంగిపోయాడు!"

"మామయ్యా, అది గడ్డి కుక్కిన ఎలుగు..."

వింటేగా! పట్టుకోబోయి, కాలికి కాలు అడ్డుపడి, ఎలుగుబంటిని వాటేసుకుని వెల్లకిలా పడ్డాడు. అప్పటికే సగం ఊడిన పొట్ట కుట్లు పటపటా పూర్తిగా తెగాయి. పొట్టలోంచి అడవిపిల్లి బుస్సుమంటూ బీరువా మీదకు దూకింది. డబ్బాలో కూత నిదానించింది. మామయ్య బొజ్జ మీద పడ్డ గడ్డిలో, కళ్ళు కూడా తెరవని కూనలు మూడు మ్యావుమంటున్నాయి. బొజ్జ పరుపులా ఉండబట్టి వాటికేం కాలేదు.

మేనకోడలు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "బాలింత మామయ్యా! పగిలిన కిటికీలోంచి దూరి, పిల్లలకు పాలిస్తూ కదలకుండా పడుకుంది, అంతే!"

"నాకు ముందే తెలుసు," అన్నాడు మామయ్య, ఎలుగుబంటి కిందనుంచి.

అటెండరు తలుపుకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు.

"హత్య చేసిందెవరో తేలుస్తానని వచ్చి, పురుడు పోసి పడుకున్నారేంటి బాబూ!"