లాడ్ బజార్లో బేగి

చార్మినార్ పక్కన లాడ్ బజార్లో లోవలక్ష్మికి రెండు డజన్ల గాజులు కొనిపెట్టి, సాయంత్రం రైలెక్కి నర్సీపట్నం పోవాలని సింహాద్రి పొద్దున్నే ప్లాను వేశాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అడుగుతున్న గాజులవి. రెండు డజన్లన్నది మాత్రం ఆయన సొంత నిర్ణయం. అంతకు మించితే జేబు గుల్ల, ఆలస్యమైతే రైలు గోవిందా.

మొదటి కొట్లోనే రాళ్ల గాజులు తళతళలాడాయి. ఫొటో తీస్తానని మొగుడి ఫోను లాక్కుని లోవలక్ష్మి అక్కడే పాతుకుపోయింది.

"ఇంకాపు, ఎల్దాం రా" అన్నాడు సింహాద్రి.

"ఒక్కపాలి ఆ ఎర్రయి సూసి వత్తానండీ!"

ఇలా లాభం లేదు, ఆటో వచ్చి నిలబడితే ఆవిడే కదులుతుందని, బావమరిది తాతబ్బాయి చేతికి బట్టల బ్యాగిచ్చి ఆటో కోసం తరిమాడు. ఆ మహానుభావుడు షికారు నడక నడుస్తుంటే సింహాద్రికి ఒళ్లు మండింది.

"ఒరే, బేగి! బేగి!" అని గొంతు చించుకున్నాడు. తాతబ్బాయి ఉలిక్కిపడి పరుగందుకున్నాడు.

బేగి అంటే త్వరగా అని మన వైపు చంటిపిల్లలకీ తెలుసు. ఆ బజారుకు తెలియదు, పాపం. వాళ్లకు వినిపించింది బ్యాగు, కనిపించింది బ్యాగుతో పరిగెడుతున్న మనిషి. నలుగురూ కలిసి తాతబ్బాయిని ఒడిసిపట్టారు.

"బ్యాగ్ నీదేనా భాయ్?" అని అత్తరు కొట్టాయన సింహాద్రిని అడిగాడు.

"నాదేనండీ, గానీ ఆడు..."

"సెప్పు బావా, బేగి సెప్పు!" అని తాతబ్బాయి ఏడుపు.

సింహాద్రికి తన హిందీ మీద మహా నమ్మకం. బావమరిదిని ఏమంటారో గుర్తు తెచ్చుకుని, ఛాతీ విరిచి, "యే మేరా సాలా హై!" అన్నాడు. అక్షరాలా నిజం. కానీ అది తిట్టు కూడానాయె!

"తిట్లెందుకు భాయ్, పోలీసుకు ఇచ్చేద్దాం పా" అని జనం ఇద్దరినీ ఔట్‌పోస్టుకు నడిపించారు.

అంతా విన్న కానిస్టేబుల్ కడుపు పట్టుకుని నవ్వాడు. "మేడమ్ వచ్చి చెప్తే పంపిస్త" అని సింహాద్రి ఫోన్‌కే కాల్ చేసి, స్పీకర్ పెట్టాడు. "అమ్మా, మీ ఆయన, మీ తమ్ముడు మా తాన ఉన్నరు."

"ఇద్దరూనా అండీ?" లోవలక్ష్మి గొంతులో ఎన్నడూ లేని ప్రశాంతత. "మంచిదండీ. నానొచ్చేదాకా కూకోబెట్టండి. వదలకండేం!"

తీరిగ్గా వచ్చిందావిడ, మోచేతుల దాకా గాజులతో. వెనకాల కొట్టువాళ్లు అట్టపెట్టెలు మోసుకొచ్చారు.

"ఇయన్నీ ఏటే? డబ్బులెక్కడియి?" అంటూ సింహాద్రి పెట్టెలు లెక్కపెట్టసాగాడు.

"మీ ఫోనుంది కదండీ. పిన్నంబరు మన పెళ్లిరోజే కదా!" అని లోవలక్ష్మి మురిసిపోయింది. "మీరు లేపోతే కొట్టోళ్లు ఎంత నెమ్మదిగా సూపించారో!"

రైలు అందింది. కింది బెర్తు మీద గాజులు పడుకున్నాయి, సింహాద్రి నిలబడ్డాడు.