మధ్యాహ్నం మిగిలిన కరెంటు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర వాన పడితే ఆ చివరివాళ్లకి మరుసటేడు తెలిసేంత పెద్ద అడవిలో, ప్రతి గూటి మీదా ప్రతి గుహ మీదా సోలార్ పలక వెలిసింది. చీమ తన పుట్ట మీద ఆవగింజంత పలక పెట్టుకుంది. తాబేలైతే సరాసరి వీపు మీదే బిగించుకుంది. పలకల కరెంటంతా తీగల్లో కలుస్తుంది, కావలసినవాళ్లు వాడుకుంటారు.

చిక్కల్లా మధ్యాహ్నంతోనే. ఆ అడవిలో తిన్నాక కునుకు తీయనివాణ్ణి అసలు జంతువుగానే లెక్కవేయరు. కరెంటు ఉరకలేసే వేళకి వాడేవాడు లేడు. తీగలు గుమ్మడికాయల్లా ఉబ్బేవి. తీగ మీద వాలిన కొంగ ఈకలన్నీ నిక్కబొడుచుకుని, తను నెమలినని చెప్పుకు తిరిగింది. సాయంత్రం అందరూ లేచి ఒక్కసారే మిక్సీలు తిప్పేసరికి సూర్యుడు వెళ్లిపోయేవాడు. బల్బు వెలిగిందో లేదో చూడ్డానికి మిణుగురుని పిలవాల్సి వచ్చేది.

అందరికంటే కష్టం బాతుది. బాతులకి పొదగడం చేతకాదు కదా, గుడ్లన్నీ కరెంటుతో పొదిగే పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె మధ్యాహ్నం పెనంలా కాలుతోంది, రాత్రి కుండలో నీళ్లలా చల్లబడుతోంది.

బాతు పరుగున కరెంటు ఇంజినీరు ఎలుగుబంటి దగ్గరికెళ్లింది.

"అయ్యగారూ, మధ్యాహ్నం వోల్టేజి పెరిగిపోయి నా పిల్లలు ఉడికిపోయేట్టున్నారండీ!"

"మధ్యాహ్నమా?" ఎలుగు గడ్డం గోక్కుంది. "ఉద్యోగంలో చేరాక నేను మధ్యాహ్నమనేది చూళ్లేదమ్మా. ఉందంటావా?"

సింహం సభ పెట్టింది. బాతే ముందు లేచింది.

"మహారాజా, మధ్యాహ్నం మేలుకుని పిండీ గిండీ అప్పుడే రుబ్బుకుంటే, నీళ్లు తోడుకుంటే, ఆ కరెంటు వాడుకలోకొస్తుంది. సాయంత్రం కటకటా తగ్గుతుంది."

సభ భగ్గుమంది. "తాతలనాటి కునుకు మానాలా?" అడవిపంది గుండెలు బాదుకుంది. "ఇవాళ కునుకంటారు, రేపు ఆవలింత కూడా వద్దంటారు!"

సలహాదారు నక్క గొంతు సవరించుకుంది. "ఎవరూ లేవక్కర్లేదు ప్రభూ. మధ్యాహ్నం పలకల మీద ఆకులు కప్పేద్దాం. ఎండే తగలకపోతే కరెంటెక్కడిది?"

"మరి పలకలు పెట్టిందెందుకు?" అంది బాతు.

"కప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా!"

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎలుగు నిలబడి పని చేయించింది. కోతులు అడవిలోని లేతాకులన్నీ దూసి పలకలు కప్పాయి. అందరూ హాయిగా పడుకున్నారు, మేకలు తప్ప.

"ఈ విందు ఎవరిచ్చారే?"

"సర్కారువారట!"

"అయితే మిగల్చకూడదు!"

మూడు గుటకల్లో అడవంతా మేసేశాయి. పలకలన్నీ ఒక్కసారే ఎండకి కళ్లు తెరిచాయి. సింహం గుహలో ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే, గుహకి గుహే గాల్లోకి లేచి, రెండు కొండలు దాటి ఏటి ఒడ్డున దిగింది. సింహం గురక మాత్రం ఆగలేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. అడవంతటికీ కరెంటు పోయింది.

"బాగవడానికి టైం పడుతుంది," అని ఎలుగు ఆఫీసులో వెల్లకిలా పడుకుంది.

బాతుకి ఒళ్లు మండింది. గుడ్లన్నీ తెచ్చి ఎలుగు పొట్ట మీది బొచ్చులో కుక్కింది. "కదిలావో, చూస్కో! కరెంటొచ్చేదాకా నా పెట్టెవి నువ్వే!"

"నాకు పనుందమ్మా!"

"ఏం పని?"

ఎలుగు చాలాసేపు ఆలోచించింది. జవాబు దొరికేలోపే నిద్రొచ్చేసింది.

మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దాని పొట్ట మీద పడేది. ఆ వేడి రాత్రంతా బొచ్చులోనే ఉండేది. కదలడమన్నది దాని వంశంలోనే లేదు. చివరికి గుడ్లన్నీ చిట్లాయి. పిల్లలు బయటికొచ్చి, ఎలుగుని చూసి, "అమ్మా!" అన్నాయి.

సింహం కళ్లొత్తుకుంది. "మధ్యాహ్నపు వేడిని రాత్రికి దాచిన మొట్టమొదటి అధికారి!" అని పతకం వేసి, పదవి పెంచింది. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

బాతు ఏటి ఒడ్డున నిలబడి, "రండర్రా, ఈత నేర్పుతా!" అని గొంతు పోయేలా పిలిచింది. పిల్లలు ఎలుగు వెనకాలే బారుగా ఆఫీసుకెళ్లి, కడుపునిండా తిని, బోర్లా పడుకున్నాయి.

ఇందులో నేర్చుకోవలసిందేమిటంటే: అధికారి లేచి పనిచేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది, పడుకుంటే గుడ్లయినా పిల్లలవుతాయి.