రైఫిలుకు పన్ను పీకిన విధానం

బిలాస్‌పూర్‌లోని ఒక ప్రభుత్వరంగ సంస్థ తన స్టోరు కాపలా రైఫిలులోని లోపాలన్నిటినీ విజయవంతంగా సరిచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రైఫిలును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

అది సెమీ ఆటోమేటిక్ రైఫిలు. తూటా పేలగానే ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను తనే లోపలికి లాక్కోవాలి. కాపలాదారు సన్యాసిరావు చేతిలో అది రెండు పనులూ మానేసింది. మేగజీన్ అనే తూటాల పెట్టె నుంచి వచ్చే తూటా సగం దారిలో అడ్డం పడేది. పేలిన తొడుగు లోపలే ఇరుక్కునేది. ఏటేటా జరిగే ఫైరింగ్ పరీక్ష దగ్గరపడింది. అందులో తప్పినవాడి కాంట్రాక్టు అక్కడితో సరి. అందుకని ఊరి చివర కోనీలో కాలేజీ చదివే కూతురు తనూజ చేత ఇంగ్లీషులో ఫిర్యాదు రాయించాడు. పైన, విషయం: రైఫిలు. కింద మూడు ముక్కలు: ఫీడింగ్ సమస్య, ఎక్స్‌ట్రాక్షన్ సమస్య, మేగజీన్ మార్చవలెను.

నిబంధన ప్రకారం కాగితం మొదట అనువాదం కోసం హిందీ విభాగానికి వెళ్లింది. మూడు పనులుంటే మూడు విభాగాలకు పంచడం అక్కడి క్రమశిక్షణ. పంచేటప్పుడు 'విషయం' ఎవరి వాటాకూ రాలేదు.

ఫీడింగ్ క్యాంటీనుకు చేరింది. మర్నాడు సన్యాసిరావు ప్లేటులో సమోసాలు పెరిగాయి.

"ఇదేటి బావా?" అన్నాడు సన్యాసిరావు.

"నీకు తిండి సాల్డం లేదని పైనుంచి ఆర్డరొచ్చీసింది. తిను, లేపోతే నా మీదకొస్తాది," అన్నాడు క్యాంటీను శంకరరావు.

మేగజీన్ హిందీ విభాగంలోనే ఆగింది. సంస్థ పత్రికకు కొత్త అట్ట వేశారు. ఆవిష్కరణ సభలో జనరల్ మేనేజరుగారు, "కాపలాదారు సైతం సాహిత్యం గురించి కలత చెందడం ఈ సంస్థ ఔన్నత్యం," అని సెలవిచ్చి సన్యాసిరావుకు శాలువా కప్పారు.

ఎక్స్‌ట్రాక్షన్ సంస్థ ఆసుపత్రిలో పళ్ల డాక్టరుకు వెళ్లింది. నాకు కాదండీ, తుపాకీకండీ అన్నాడు సన్యాసిరావు. పంటినొప్పి మనిషిచేత ఎన్ని మాటలు పలికిస్తుందో అనుభవం మీద తెలిసిన డాక్టరుగారు జాలిపడి, మత్తు కాస్త ఎక్కువిచ్చి, దవడపన్ను పీకారు.

"ఏ పన్నూ?" అంది భార్య అసిరమ్మ.

"మంచిదే."

"అచ్ఛా. మంచిదైతే పీకించుకోడమేటి?"

"ఆర్డరే."

పరీక్షనాడు మొదటి తూటా పేలింది. తొడుగు బయటికి రాలేదు. రెండోది దాని వెనకే వచ్చి అడ్డం పడింది. సెక్యూరిటీ ఆఫీసరు రాఘవయ్యగారు తెలంగాణ మనిషి, న్యాయం తప్పరు.

"ఏందయ్యా, ఫీడింగ్ చేసినం, ఎక్స్‌ట్రాక్షన్ చేసినం, మేగజీన్ మార్చినం. అన్నిటికీ సంతకాలున్నయ్. ఇంక లోపం యాడుంది?"

"ఖోకా, అదే ఖాళీ తొడుగు, లోపల ఇరుక్కుపోనాది సార్. ఓపాలి సూడండి."

"నేను చూస్తే సంతకాలు పెట్టినోళ్లను నమ్మనట్టు గాదా?"

రైఫిలులో లోపాలేవీ మిగలలేదు గనుక, మిగిలిన లోపం సన్యాసిరావేనని తేలింది. అతన్ని తీసేశారు.

ఇప్పుడు గేటు దగ్గర కొత్త మనిషి, అదే రైఫిలు. మొన్న నెహ్రూ నగర్ పెద్దలు దాన్ని చూసి ముచ్చటపడి, తమ కాలనీకీ అలాంటిదొకటి కావాలన్నారు. అది పేలుతుందా అని ఒకాయన నసిగాడు.

"పేలేది మనకెందుకండీ, పిల్లలు తిరిగే చోట? కనబడితే చాలదూ?" అన్నారు మిగతావాళ్లు.

ఆ మాటకు తల ఊపనివాళ్లు లేరు. మీరూ ఊపారు, నేను చూశాను.