గేటుకడ్డంగా ఒక మధ్యరకం కారు

ఆ శనివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఇంటిల్లిపాదితో షోరూముకు వెళ్ళడం, ఒక కారు నడిపి చూడడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. అంతే.

రోగి నోరు తెరిచీ తెరవగానే ఏ పన్ను పీకాలో చెప్పగల మనిషి, ఏ కారు కొనాలో మాత్రం చలికాలం వెళ్ళి ఎండలు ముదిరినా తేల్చుకోలేకపోయాడు. చూసిన ప్రతి కారుకూ ముందు గ్రిల్లే ఆయన కంటబడేది. ఒకదానికి పళ్ళు ఎత్తు. ఇంకోదానికి కింది దవడ ముందుకు పొడుచుకొచ్చింది. మరోదానికి పళ్ళ మధ్య సందులు. "పొద్దస్తమానం క్లినిక్కులో చూసేవి చాలక ఇంటి ముందు కూడా ఇవే చూడాలా?" అని వెనక్కి తిరిగి వచ్చేసేవాడు.

ఆయన భార్య సైట్ ఇంజనీరు. హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బా లేకపోయినా కొలత టేపు ఉంటుంది. కారు అందచందాలతో ఆవిడకు పని లేదు, డిక్కీ పొడవు, వెడల్పు, లోతు చెబితే చాలు. కూతురు డ్రమ్స్ వాయిస్తుంది. ఆ పెద్ద డ్రమ్ము పాత చిన్న కారులో ఎక్కిందంటే ఎవరో ఒకరు దిగిపోవాలి. దిగేది ఎప్పుడూ డాక్టరుగారి మామగారే. "మీరు వెళ్ళిరండమ్మా, నాకేదో పనుంది" అని అరుగు మీద కూర్చుండిపోయేవారు. ఆయనకు ఏ పనీ లేదని అందరికీ తెలుసు.

మామగారు రైల్వేలో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదికి అధికారిగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. దిక్కులేకుండా పడి ఉన్న వస్తువు కనబడితే చాలు, భుజాన వేలాడే గుడ్డసంచిలో వేసుకుని, సొంతదారు చేతిలో పెట్టేదాకా నిద్రపోరు.

"ఇంతకీ క్రాసోవర్ అంటే ఏంటి బాబూ?" కాఫీ గ్లాసు దించుతూ అడిగారాయన.

"అటు పూర్తిగా కారూ కాదు, ఇటు పూర్తిగా జీపూ కాదు మావయ్యగారూ. మధ్యరకం."

"ఏదీ కానిదాని కోసమా ఇన్నాళ్ళూ వెతికింది?"

అల్లుడు చటుక్కున కాఫీలో తల దూర్చాడు.

షోరూములో వాళ్ళకు తగిలిన సేల్స్ మనిషి మొన్నమొన్నటి దాకా పరుపుల కొట్లో పనిచేసినవాడు. సరుకు మారింది గాని మాట మారలేదు. "వీపుకి ఎలా ఉంది సార్? తొందరేం లేదు, ఒక్కసారి కళ్ళు మూసుకుని చూడండి" అన్నాడు, స్టీరింగు ముందు కూర్చున్న డాక్టరుతో. కూతురు అక్కడికక్కడే అతనికి పరుపు అంకుల్ అని పేరు పెట్టేసింది. నీలం రంగు కారు. గ్రిల్లు కూడా ఫరవాలేదు, పలువరుస తీరుగానే ఉందని డాక్టరు ఒప్పుకున్నాడు.

"తాళం తిప్పే పనే లేదు సార్. తాళం కారులో ఎక్కడో అక్కడ ఉంటే చాలు, ఈ మీట నొక్కితే స్టార్టవుతుంది" అని చెప్పి పరుపు అంకుల్ ఆ తాళాన్ని ముందు సీట్ల మధ్య గుంటలో పడేశాడు. ఈ పాఠం జరిగే వేళకు మామగారు అక్కడ లేరు. సోఫాలో ఎవరో వదిలేసిన పెన్ను దొరికితే, దాన్ని కౌంటరులో అప్పజెప్పి, ఏ సోఫాలో ఏ మూల దొరికిందో వివరిస్తున్నారు.

సైట్ ఇంజనీరు డిక్కీ కొలిచింది. సరిచూద్దామని ఆటోలో వెంట తెచ్చిన డ్రమ్ము పట్టింది. మనుషులూ పట్టారు. మామగారు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, మోకాళ్ళు దేనికీ తగలకపోవడం చూసి, కాళ్ళు ఇంకాస్త చాపుకున్నారు.

కొంతదూరం పోయాక గడియారాల రిపేరు షాపు కనబడింది. "ఇక్కడ ఆపండి బాబూ. నా వాచీ ఇచ్చి ఉన్నాను, తీసేసుకుంటాను. ఈలోగా మీరో చుట్టు తిరిగిరండి" అన్నారు మామగారు. దిగబోతూ ముందుకు వంగితే సీట్ల మధ్య గుంటలో నల్లటి చిన్న డబ్బీ ఒకటి కంటబడింది. తాళంచెవికి ఉండవలసిన పళ్ళు దానికి లేవు, కనుక అది తాళమన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ముందు ఈ బండి నడిపి చూసినవాళ్ళెవరో పాపం మరిచిపోయి ఉంటారు, షోరూములో ఇచ్చేద్దాం అనుకున్నారు. డబ్బీ సంచిలో పడింది. ఆయన దిగారు. కూతురు డిక్కీలో దడదడలాడుతున్న డ్రమ్మును తెచ్చి తాతయ్య సీట్లో కూర్చోబెట్టింది. కారు కదిలింది.

కదలగానే కీచుకీచుమంది. స్క్రీను మీద ఏదో ఎర్రగా మెరిసి మాయమైంది.

"ఏంటది?" అన్నాడు డాక్టరు.

"సేఫ్టీ సార్," అన్నాడు పరుపు అంకుల్ ధీమాగా. "సీట్లో బరువుంది, బెల్టు లేదు. అందుకే."

డ్రమ్ముకు బెల్టు పెట్టారు. కీచు ఆగలేదు. సైట్ ఇంజనీరు తన వైపు తలుపు తెరిచి మళ్ళీ ధడాలున వేసింది. అప్పుడు ఇంకోరకంగా కీచుమంది.

"ఏసీ ఎక్కువైందేమో మేడమ్."

"ఏసీ ఎక్కువైతే కారెందుకు ఏడుస్తుందండీ?"

"పరుపు అంకుల్‌కి కూడా తెలీదమ్మా," అంది కూతురు, అతనికి వినబడేట్టుగానే.

డాక్టరుకు తిక్క రేగింది. క్లినిక్కులో ఏ మిషను మొండికేసినా ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఆపేసి మళ్ళీ పెట్టడం. రోడ్డుకు రెండువైపులా బళ్ళు ఇరుక్కుని ఆగి ఉన్నాయి. ఒక పెద్ద ఎర్ర గేటు ముందు మాత్రం విశాలంగా ఖాళీ ఉంది. ఇంత రద్దీలో అక్కడొక్కచోటే ఖాళీ ఎందుకుందని ఆయన ఆలోచించలేదు. అదృష్టం అనుకున్నాడు. కారు అక్కడ నిలిపి, మీట నొక్కి ఆపేశాడు.

కీచు ఆగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మళ్ళీ మీట నొక్కాడు. ఈసారి స్క్రీను తీరిగ్గా, పెద్ద అక్షరాలతో, తాళం కనబడటం లేదని చెప్పింది.

గుంటలో చూశారు. సీట్ల కింద చూశారు. కూతురు డ్రమ్మును కూడా ఊపి చూసింది. పరుపు అంకుల్ ముఖంలో అప్పటిదాకా ఉన్న నవ్వు మెల్లగా జారిపోయింది.

"నాన్న!" అంది సైట్ ఇంజనీరు ఉన్నట్టుండి. "నాన్నే తీసుంటారు. ఏదైనా పడుంటే ఆయన చెయ్యి ఊరుకోదు."

ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. ఊరికే పెట్టి ఉంచితే ఫోను అరిగిపోతుందని మామగారు దాన్ని ఆపి సంచిలో దాచుకుంటారు. కూతురు పరుగున రిపేరు షాపుకు వెళ్ళి ఆయాసపడుతూ తిరిగొచ్చింది. "తాతయ్య మన కోసం చూసీ చూసీ, టాక్సీ ఎక్కి షోరూముకి వెళ్ళిపోయారట!"

ఇక చేసేది లేక పరుపు అంకుల్ మేనేజరుకు ఫోన్ కలిపాడు. పక్కన లారీల హోరు. "సార్! టెస్ట్ డ్రైవు కారు సార్! ఫైర్ స్టేషన్ ముందు ఆగిపోయింది! ఫ్యామిలీ లోపలే ఉంది! ఆ రెండో తాళం పట్టుకుని తొందరగా రండి సార్!"

లారీల హోరు వడగట్టగా మేనేజరు చెవిలో పడ్డవి కొన్ని ముక్కలే. కారు, ఫైర్, ఫ్యామిలీ లోపలే, తొందరగా. "ఎక్కడ? ఎక్కడయ్యా?" అని అరిచాడు. "స్టేషన్ రోడ్డు సార్!" అన్నమాట మాత్రం స్పష్టంగా వినబడింది. బాధ్యత తెలిసిన మనిషి ఏం చేస్తాడో మేనేజరు అదే చేశాడు. ఫైర్ స్టేషనుకు ఫోన్ చేశాడు.

కారు వెనక గంట గణగణ మోగింది. ఎర్ర గేటు బార్లా తెరుచుకుంది. ఫైరింజను హుంకరిస్తూ వచ్చి, నీలం కారుకు ముద్దుపెట్టబోయినట్టు మూతి ఆనించి, గక్కున ఆగింది. అందులోంచి ఫైర్ ఆఫీసరు దూకాడు. మీసం ముందు దిగింది, ఆయన తర్వాత దిగాడు.

"ఎవడయ్యా ఇక్కడ పెట్టింది? తియ్యండి!"

"తాళం లేదండీ," అన్నాడు డాక్టరు.

"తాళం లేకుండా ఎట్లా వచ్చిందయ్యా?"

"తాళంతోనే వచ్చిందండీ. మధ్యలో తాళం మా మావయ్యగారితో వెళ్ళిపోయింది."

"నీకు హాస్యంగా ఉందా? అవతల స్టేషన్ రోడ్డులో కారు తగలబడిపోతోంది! లోపల కుటుంబం మొత్తం ఇరుక్కుంది!"

 డాక్టరు కళ్ళముందు ఎవరో తండ్రి, ఎవరో తల్లి, పిల్ల, పొగ. ఒక పనికిమాలిన కీచు ఆపుదామని తాను ఇంతమంది ప్రాణాల మీదికి తెచ్చాడు. "తొయ్యండి! అందరూ తొయ్యండి!" అని తనే ముందు భుజం పెట్టాడు. ఫైరు సిబ్బంది కూడా పెట్టారు. కారు అంగుళం కదల్లేదు.

"అట్లా కదలదు, చక్రాలు లాకయ్యాయి," అంది సైట్ ఇంజనీరు. ఆవిడ గొంతు పైకి లేచిందంటే ఏ సైటులోనైనా పని మొదలైనట్టే. "మీ దగ్గర నురగ ఉంది కదా? చక్రాల కింద కొట్టండి. నేలంతా కొట్టండి. జారుతుంది. ఏమండీ, మీరు పక్కకి జరగండి!"

ఆఫీసరు ఆవిడను ఎగాదిగా చూసి, "కొట్టండ్రా" అన్నాడు. గొట్టం పట్టుకున్నవాడు కంగారులో మర ఎక్కువ తిప్పాడు. నురగ చక్రాల కిందికీ వెళ్ళింది, కారు మీదికీ వెళ్ళింది, పక్కకు జరగడంలో కాస్త వెనకబడిన డాక్టరు మీదికీ వెళ్ళింది. ఒక్క తోపుకు కారు వెన్నముద్దలా జారి, గోడవారకు చేరింది. ఫైరింజను కూతపెట్టుకుంటూ దూసుకుపోయింది.

కాసేపటికి అదే కూతతో, కాకపోతే కాస్త నీరసంగా, వెనక్కి వచ్చింది.

"రోడ్డు ఆ చివర్నించి ఈ చివరిదాకా చూశాం," అన్నాడు ఆఫీసరు అనుమానంగా. "పొగ లేదు, కారూ లేదు."

"అంకుల్, ఏ కారన్నారు?" అడిగింది కూతురు.

"నీలం కారు. కొత్తది. ఏదో షోరూముదట, టెస్ట్ డ్రైవుకి తీసుకెళ్ళారట."

కూతురు గోడవార ఉన్న నురగ గుట్ట దగ్గరికి వెళ్ళి అరచేత్తో తుడిచింది. నీలం రంగు బయటపడింది. ఆఫీసరు మీసం కిందికి దిగింది. అందరూ కలిసి పరుపు అంకుల్ వైపు చూశారు. అతను తన చేతిలో ఫోను వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే ఒక కారు కీచుమని ఆగి, మేనేజరు ఒకవైపునుంచి, మామగారు ఇంకోవైపునుంచి దిగారు. డబ్బీ అప్పజెబుదామని షోరూముకు చేరిన మామగారికి, ఆ కారు తగలబడింది, లోపల అందరూ ఉన్నారు అన్న కబురు ఎదురైంది.  తెల్లటి నురగ, చుట్టూ ఫైరు సిబ్బంది కనబడగానే మేనేజరు "అయిపోయింది" అని కాలిబాట మీద చతికిలబడ్డాడు. మామగారు ఆగలేదు. చెప్పులతోనే నురగలోకి దిగారు.

"మావయ్యగారూ!" అంటూ తెల్లటి ఆకారం ఒకటి ఎదురొచ్చింది.

మామగారు ఆ ఆకారం రెండు చెంపలూ పట్టుకుని తడిమి చూశారు. "బాబూ! నువ్వేనా? అమ్మాయేది? పాపేది?"

"ఇక్కడే ఉన్నాం నాన్నా! ఎవరికీ ఏం కాలేదు!"

ఆయన ఒకరి తర్వాత ఒకరిని చూసుకున్నారు.  అల్లుడి ముఖం తుడుద్దామని తువ్వాలు కోసం సంచిలో చెయ్యి పెడుతూ కారు పక్కకు వచ్చారు.

నురగ గుట్ట కుయ్యిమంది. లోపల దీపాలు వెలిగాయి. రెండు అద్దాలూ చెవులు రిక్కించినట్టు నురగను చీల్చుకుని విచ్చుకున్నాయి.

"తాళం!" అని అరిచాడు పరుపు అంకుల్. "ఆ సంచిలోనే ఉంది!"

మామగారు డబ్బీ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదా? ఇది తాళమా? మరి దీని పళ్ళేవి?"

ఆ ప్రశ్న ఆయన అడిగింది పళ్ళ డాక్టరునే.

తర్వాత అక్షింతలు పడ్డాయి. ఆఫీసరు మేనేజరును దులిపాడు, మేనేజరు పరుపు అంకుల్‌ను దులిపాడు, పరుపు అంకుల్‌కు దులపడానికి ఎవరూ దొరక్క తన చొక్కా మీది నురగ దులుపుకున్నాడు. చివరికి మేనేజరు చేతులు జోడించి, "సార్, ఊళ్ళో ఇంకా మంచి షోరూములు ఉన్నాయి సార్" అన్నాడు.

"చచ్చినా ఈ కారు కొననండీ," అన్నాడు డాక్టరు. ఇన్నాళ్ళకు ఒక విషయంలో ఆయన గట్టిగా తేల్చుకున్నాడు. భార్య తలూపింది. కూతురు డ్రమ్ముకు బెల్టు విప్పుతోంది.

"ఇదే తీసుకుందాం," అన్నారు మామగారు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఏం నాన్నా?"

ఆయన డబ్బీని గుప్పిట్లో దాచుకున్నారు. "నేను పక్కన లేకపోతే ఇది కదల్లేదు కదమ్మా," అన్నారు.

సైట్ ఇంజనీరు టేపు బయటికి తీసి, కొలిచేదేమీ లేకపోయినా కాస్త లాగి, మళ్ళీ వదిలింది. కూతురు విప్పిన బెల్టును మళ్ళీ పెట్టేసింది. డాక్టరు నురగ కారుతున్న ముఖంతోనే మేనేజరు వైపు తిరిగి, "ప్యాక్ చెయ్యండి" అన్నాడు, కారును ప్యాక్ చెయ్యరన్న సంగతి మరిచిపోయి.

కారు ఇంటికి వచ్చింది. దానితో వచ్చిన తాళాలు రెండూ, జాగ్రత్త కోసం, మామగారి సంచిలోకే వెళ్ళాయి. ఇప్పుడాయనకు ఊపిరి సలపదు. సంగీతం క్లాసు, సైటు, గడియారాల షాపు, కారు ఎటు కదిలినా ముందు సీట్లో ఆయన ఉండవలసిందే. ఎవరు ఎప్పుడు బయల్దేరాలో ముందురోజే ఆయనకు చెప్పి ఒప్పించుకోవాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం బండి ఆగదు. ఉదయం పూట మాత్రం ఆయన నడకకు వెళతారు, తాళాలతో సహా.

పళ్ళ డాక్టరు క్లినిక్కుకు బస్సులో వెళుతున్నాడు.