నోరు మూసుకుని చేపలు పట్టుట

ఈ పాపం మీదే. కాదనకండి. ప్రశాంత తీరాల ప్రోత్సాహక మండలి వారూ, మొదట మీరు. ఊరిపెద్ద ఇలియసేరి గారూ, ఆ తర్వాత మీరు. సభలో చాపల మీద కూర్చుని తలలూపిన నూట అరవై మందీ, మిగిలింది మీరు. తల ఊపితే చప్పుడు కాదు కనుక అది నేరం కిందికి రాదనుకున్నారు. నేనూ ఊపాను. సిగ్గుతోనే రాస్తున్నాను.

ఫిజీ పటాలు గీసేవాళ్లు కూడా మా ఊరు నాకుంబేతాను చాలాకాలం మరిచిపోతూ వచ్చారు. అది మా అదృష్టం. ఆ అదృష్టం వీపున సంచీతో, చేతిలో మేం దంచి కలుపుకుని తాగే కావా వేరు కట్టతో వచ్చిన డెస్మండ్ అనే మహానుభావుడి వల్ల తీరిపోయింది. మనిషి మంచివాడే. ఊరు బ్రిస్బేన్. వేరు కట్ట తెచ్చి ఊరిపెద్ద ముందు చాప మీద పెట్టాడు. ఊరిపెద్ద మూడుసార్లు చప్పట్లు కొట్టి దాన్ని అందుకున్నాడు. అంతటితో డెస్మండ్ మా ఊరివాడైపోయాడు. ఇల్లు మాది, చాప మాది, కర్రపెండలం మాది, కొబ్బరిపాలు మావి. ఇంత చవక ప్రయాణం భూమ్మీద మరెక్కడా లేదనీ, జనం అసలే లేని పల్లె అనీ అతను ఇంటర్నెట్లో రాశాడు. అతను అది రాస్తున్నప్పుడు జనం అతనికి వడ్డిస్తున్నారు.

‘ఈ చోటు గురించి ఎవరికీ చెప్పకండి’ అని కూడా చివర్లో రాశాడట. అది చదివి నలభై మంది వచ్చారు. మిగతా ముప్పై తొమ్మిది మందికీ దూరంగా ఉండాలని ప్రతి ఒక్కరూ వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక వేరు కట్ట. ఊరిపెద్ద చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు వాచి, ఇరవయ్యో అతిథి నుంచి మోకాళ్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మా ఘనత ఒకటి చెప్పుకోవాలి. మా దగ్గర కెరెకెరె అనే ఆచారం ఉంది. నీ వాడు వచ్చి ‘కెరెకెరె’ అని ఏదైనా అడిగితే ఇచ్చేయాలి. చొక్కా అడిగితే చొక్కా, పడవ అడిగితే పడవ. లేదన్నవాడి ముఖం ఊరు చూడదు. డెస్మండ్ మా భాషలో నేర్చుకున్న మొదటి మాట అదే. రెండో మాట ఇంకా నేర్చుకోలేదు. అవసరం పడలేదు.

“కెరెకెరె. తెల్లవారుజామున ఈ కోళ్లు కొంచెం...” అన్నాడు ఒకరోజు.

సభ పెట్టారు. పుంజులు పక్క దీవికి ప్రవాసం పోవాలని తీర్మానించారు. పడవలో చోటు చాలక మిగిలినవి మట్టిపొయ్యిలోకి పోయాయి. అతిథులు వాటిని చాలా మెచ్చుకుని తిన్నారు.

తర్వాత కెరెకెరె గుడి దుంగ మీద పడింది. ఆదివారం ప్రార్థనకు పిలవడానికి దుంగను కర్రలతో వాయిస్తాం. దాని బదులు పాస్టరుగారు మెట్ల మీద నిలబడి తెల్ల రుమాలు ఊపాలన్నారు. లోపల పాటలు పెదవులు కలిపి పాడాలన్నారు. నాలుగు స్వరాల్లో వంద మంది ముక్కుతో పాడిన పాట ఆ ఆదివారం దేవుడికి అందిందో లేదో గాని, ఒడ్డున పడుకున్నవాళ్లకు మాత్రం తేనెటీగలని భయమేసింది. మరుసటి వారం ముక్కులు కూడా నిషేధించారు. కావా దంచే రోలుకు దుప్పటి చుట్టారు. పడవల మోటార్లు తీసి భద్రపరిచారు. పిల్లల ఆటలను కొండ అవతలికి కేటాయించారు. పళ్లు వస్తున్న పసివాళ్లకు మినహాయింపు కోరుతూ ముగ్గురు తల్లులు అర్జీ పెట్టారు. అది పరిశీలనలో ఉంది. పళ్లు వచ్చేశాయి.

“ఏం బావా, సముద్రం సంగతేంటి? పొద్దస్తమానం కొట్టుకుంటోంది. దానికీ నోటీసిద్దామా?” అని సభలో అడిగాడు తొమాసి. ఇలియసేరికి మేనత్త కొడుకు. ఊరిపెద్దని ఎగతాళి చేసే హక్కు మా దగ్గర బావలకే ఉంటుంది.

“అలలు వాళ్లకి నచ్చాయిలే బావా. అడిగి తెలుసుకున్నాను,” అన్నాడు ఇలియసేరి. నవ్వలేదు. నవ్వు అప్పటికే సాయంత్రం ఆరు దాటాక నిషిద్ధం.

మండలి నుంచి ఒక అధికారి తెల్ల పడవలో వచ్చి మాకు ప్రశంసాపత్రం ఇచ్చి ఉపన్యసించాడు: “సోదర గ్రామస్థులారా! ఇతర దేశాలు ఇనుము ఎగుమతి చేస్తాయి, గోధుమ ఎగుమతి చేస్తాయి. మనం నిశ్శబ్దాన్ని ఎగుమతి చేస్తున్నాం. దీన్ని తవ్వి తీయక్కర్లేదు, పండించక్కర్లేదు. మీరు ఊరుకుంటే చాలు!” మేం ఊరుకున్నాం. అది ఉత్పత్తిగా నమోదైంది.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక నిర్వచనం కూడా ఇచ్చాడు. అతిథులు ఊళ్లో జనం ఎక్కువయ్యారని ఫిర్యాదు చేశారట. జనం అంటే ఎవరన్న వివాదాన్ని మండలి ఇలా తేల్చింది: పడవ దిగి వచ్చినవారు సందర్శకులు, ముందునుంచీ ఉన్నవారు రద్దీ.

ఇంతవరకూ భరించాం. ఇప్పుడు అకనిసి అత్త సంగతి వినండి.

అకనిసి అత్త మొగుడు సిరెలి, ఊరిపెద్దకు అన్న, ఊరి ముందు సముద్రపు మడుగులో ఏ చేప ఏ రాయి కింద పడుకుంటుందో తెలిసిన మనిషి, ఈ ఏడాది మొదట్లో పోయాడు. డెస్మండ్ రావడానికి పది రోజుల ముందు. ఆయన కోసం మడుగు మూశాం. పగడపు దిబ్బ మీద కర్ర పాతి, దానికి కొబ్బరాకు కట్టాం. వంద రోజులు ఒక్క వల పడలేదు, ఒక్క గాలం తడవలేదు. ఊరంతా డబ్బా చేపలు తిన్నాం. అత్త నల్లబట్ట కట్టుకుంది, జుట్టు దువ్వలేదు, ఒక్క పెళ్లికీ పోలేదు. వందో రోజున ఊరంతా మడుగులో దిగి చేపలు తోలి, విందు చేసి, కర్ర పీకి, ఆమె చేత నల్లబట్ట విప్పించాలి. ఆ చేపలు లేనిదే ఆ విందు లేదు. ఆ విందు లేనిదే ఆమెకు దుఃఖం తీరినట్టు కాదు.

చేపలు తోలడమంటే ఏమిటి? కొబ్బరాకులు చుట్టిన మైలు పొడవు తీగను పట్టుకుని నూట ఇరవై మంది నడుం లోతు నీళ్లలో వలయంగా నిలబడతారు. ఆటు మొదలవగానే నీళ్లు చరుస్తూ, కేకలేస్తూ, బావల్ని తిడుతూ వలయాన్ని బిగిస్తారు. అరుపుకీ ఆకు నీడకీ బెదిరి చేపలు మధ్యకు పరుగెడతాయి. తాతల నాటి నుంచీ ఆ పనికి మా దగ్గరున్న పనిముట్లు రెండే. తీగ, గొంతు.

తొంభై తొమ్మిదో రోజున డెస్మండ్ వచ్చాడు. “కెరెకెరె. రేపటి కార్యక్రమం చాలా బాగుంటుందని విన్నాను. కొంచెం నిశ్శబ్దంగా చేయగలరా?”

ఇలియసేరి అకనిసి అత్త ముఖం చూడకుండా, “అలాగే” అన్నాడు.

అలాగే చేశాం. నూట ఇరవై మందిమి నోళ్లు మూసుకుని, చేతులు నీళ్లకు తగలకుండా పైకెత్తుకుని, మడుగులో నిలబడ్డాం. పోలీసులకు లొంగిపోయిన సైన్యంలా ఉన్నాం. చేపలు వచ్చాయి. మమ్మల్ని చూశాయి. కొన్ని పెద్ద చేపలు పిల్ల చేపల్ని కూడా వెంటబెట్టుకొచ్చి చూపించాయి. తర్వాత తీరిగ్గా మా కాళ్ల సందుల్లోంచి సముద్రంలోకి వెళ్లిపోయాయి. నా మోకాలి పక్కన ఒకటి కాసేపు ఆగింది కూడా. ఒడ్డున నలభై ఒక్క మందీ కళ్లనీళ్లు పెట్టుకుని ఫోటోలు తీశారు. ఇంత లోతైన ధ్యానం తామెక్కడా చూడలేదన్నారు. పట్టుబడింది ఒక్క పీత. అదీ తొమాసిని కరిచినందువల్ల. అతను అరవలేదు. క్రమశిక్షణకు మెచ్చి మండలి అతనికి టోపీ పంపింది.

ఆ మధ్యాహ్నం అకనిసి అత్త నీళ్లు కారుతున్న నల్లబట్టతోనే డెస్మండ్ ఉయ్యాల మంచం దగ్గరికి పోయింది. వెనక మేం. ఆమె నేల మీద కూర్చుని మూడుసార్లు గట్టిగా చప్పట్లు కొట్టింది. ఊరు ఉలిక్కిపడింది.

“కెరెకెరె నాయనా. నీ గొంతియ్యి.”

“అర్థం కాలేదు అత్తా.” మాట్లాడింది ఇంగ్లీషే; అత్తా అని పిలవమన్నది మేమే.

“రేపు పొద్దున్నే నీళ్లలో దిగి అరువు. నీ వాళ్లందర్నీ అరవమను. మీరూ ఈ ఊరివాళ్లే కదా? వేరు కట్ట పెట్టారు కదా? మా వాళ్ల గొంతులు ఎటూ మీ దగ్గరే ఉన్నాయి. మీవన్నా ఇయ్యండి.”

డెస్మండ్ చాలా సేపు నొచ్చుకున్నాడు. “అరవాలంటే మా ఊళ్లోనే అరిచేవాణ్ని కదా అత్తా. అక్కడికి విమానం టికెట్ కూడా అక్కర్లేదు.”

“మేం నిన్ను ఒక్కసారన్నా కాదన్నామా?”

“అబ్బే, లేదు. మీ ఊళ్లో నాకు నచ్చింది అదే.”

ఇది జరిగిన గంటలో అత్యవసర సభ కూడింది. అతిథిని అడగడం ఆచారమే అయినా, అతను కాదనాల్సిన ఇబ్బందిలోకి నెట్టడం అనాచారమని తేల్చారు. ఆ మూడు చప్పట్లను శబ్దంగా నమోదు చేశారు. ఇలియసేరి లేచి కంఠం సవరించుకోబోయి, మానుకుని, గుసగుసగా ప్రసంగించాడు: “దుఃఖం మన ఆచారాలన్నింటిలోకీ ప్రశాంతమైనది. అందులో పాట లేదు, ఆట లేదు, విందు లేదు, పడవ లేదు. అతిథులు దాన్ని ఎంతో గౌరవిస్తున్నారు. కాబట్టి కీర్తిశేషుడు సిరెలి గారి సంతాపాన్ని పర్యాటక కాలం ముగిసేవరకూ పొడిగిస్తున్నాం.” పర్యాటక కాలం జనవరి నుంచి డిసెంబరు వరకు.

“అంటే నేను చచ్చేదాకా ఈ నల్లబట్టేనా ఇలియసేరీ?” అని అడిగింది అకనిసి అత్త.

“మెల్లగా వదినా.”

“మీ అన్న బతికుంటే ఈ మాట నీ చెవిలో కాదు, కొండ మీంచి అడిగేవాడు.”

ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని, విందు చూడటానికి మళ్లీ వచ్చి ఉన్న మండలి అధికారి ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ప్రచారానికి పనికొస్తుందట. రద్దీ తగ్గడానికి ఊరంతా శనివారంలోగా కొండ అవతలికి మారాలన్న తీర్మానం కూడా ఆ ఊపులోనే నెగ్గింది. ఖాళీ అయిన ఊరికి ‘అసలైన పల్లె’ అన్న బిరుదు రాబోతోంది.

ఇక చదువుతున్న మీరు. మీలో సగం మంది ఇప్పటికే ఆ ఊరు ఎక్కడ, సెలవులకు వీలవుతుందా అని ఆలోచిస్తున్నారు. ఒక ముసలామెకు జరిగినదంతా చివరిదాకా కిక్కురుమనకుండా చదివారు. మండలికి కావలసిన సందర్శకులు అచ్చం మీలాంటివాళ్లే. చోటు ఉంది, రండి.

నాకుంబేతా మనుషులారా, మీతో నాకు వేరే పని ఉంది. శుక్రవారం ఉదయం ఏడింటికి ఆటు మొదలవుతుంది. కొండ అవతలికి ఒక్క చాప కూడా మొయ్యకండి. తీగ బయటికి తీయండి, ఆకులు చుట్టండి. కొండ వెనక నుంచి పిల్లల్ని పిలుచుకు రండి. అతిథులు కెరెకెరె అంటే తీగ కొస వాళ్ల చేతికి ఇవ్వండి, అంతకుమించి ఇంకేమీ ఇవ్వకండి. ఇలియసేరి గారూ, మీరు అకనిసి వదిన పక్కనే నిలబడాలి. అరవండి. చేపలు పడేదాకా అరవండి. ఆమె ఆ కర్రను తన చేత్తో పీకేదాకా ఒక్కడు కూడా నోరు మూయడానికి వీల్లేదు.