పన్నెండు ఐసుముక్కలు

ఆ ఉదయం చేయాల్సిన పని చాలా చిన్నది. రెండో అంతస్తులోని చిన్న ఫ్రిజ్‌ను కింది వాటాలోకి దించాలి. గడియారాల మెకానిక్ భార్య, వేరే ఊరి ఆసుపత్రిలో పదకొండు నెలలు నర్సు పని చేసి, సాయంత్రం బస్సుకి వచ్చేస్తోంది. ఆమెకు మెట్లు పడవని అతను కింది వాటా మాట్లాడాడు.

"నిన్ననే స్విచ్ తీసి మంచు కరిగించమన్నాడు కదా ఫ్రిజ్ బాగుచేసే అతను? తలుపుకి తాడు కూడా కట్టలేదేంటి బావా?" అన్నాడు సాయానికొచ్చిన బావమరిది.

"నువ్వు పట్టుకోరా ముందు."

ఫ్రీజర్‌లో ఒక ట్రే ఉంది. ఊరెళ్ళే రోజు, చెప్పులు వేసుకున్నాక మళ్ళీ వెనక్కొచ్చి మరీ భార్య నీళ్ళు పోసి పెట్టిన ట్రే. పన్నెండు ఐసుముక్కలు. ఎండలకు నాలుక పిడచకట్టినా అతను ఒక్కటి ముట్టలేదు. అవి ఆమెకు చూపించాలి. బెంగపడ్డానని నోటితో చెప్పడం అతనివల్ల కాదు.

కాబట్టి ఫ్రిజ్ నడుస్తూనే దిగాలి. పొడుగు వైరు తెచ్చి మొదటి అంతస్తు టైలరమ్మ గదిలో గుచ్చారు.

"ఏం బాబూ, ఫ్రిజ్‌కి సెలైన్ ఎక్కిస్తున్నారా?" అందావిడ.

అయిదు మెట్లకోసారి ఆగి, తలుపు తెరిచి, ముక్కలు లెక్కపెట్టుకుని మళ్ళీ దిగుతున్నాడు. ఇంతలో టైలరమ్మకు ఒక అర్జంటు జాకెట్టు గుర్తొచ్చింది. వైరు పీకి ఇస్త్రీపెట్టె పెట్టుకుంది. ఫ్రిజ్ గురక ఆగింది.

"పోయింది! పోయింది!" అని గావుకేక పెట్టాడు గడియారాల మెకానిక్.

ఆ కేకకు బావమరిది హడలిపోయి చేతులు వదిలేశాడు. ఫ్రిజ్ మెట్లమీద వెల్లకిలా పడుకుంది. తాడు లేని తలుపు తెరుచుకుంది. ట్రే జారింది. ఐసుముక్కలు మెట్టు మెట్టుకీ ఎగురుతూ కిందికి పరుగు తీశాయి. ఆఖరి ముక్క ఒక చెప్పుకి తగిలి ఆగింది.

ఆ చెప్పు భార్యది.

"పొద్దుటి బస్సే దొరికింది. ఏంటండీ ఈ వడగళ్ళు?"

అతను మోకాళ్ళమీద కూర్చుని ముక్కల్ని జేబురుమాల్లోకి ఏరుతున్నాడు. "వెళ్ళేరోజు నువ్వు పోసిన నీళ్ళు," అన్నాడు తలెత్తకుండా.

ఆమె బ్యాగు కింద పెట్టింది. బావమరిది మాత్రం బుర్ర గోక్కున్నాడు.

"బావా, కొట్టనంటే ఒక మాట. మొన్న వేసవిలో కాలు బెణికి మీ ఇంట్లో పడున్నానా? ఆ ముక్కలు అప్పుడే నా మడమకి పెట్టేసుకున్నా. మళ్ళీ నేనే నింపా. మూడుసార్లు."

అంటే ఇన్నాళ్ళూ ప్రాణంలా కాపాడింది బావమరిది పోసిన నీళ్ళన్నమాట. గడియారాల మెకానిక్ రుమాలు వదిలేశాడు. భార్య నవ్వీ నవ్వీ మెట్టుమీద కూలబడింది. తర్వాత ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురూ పట్టి ఫ్రిజ్‌ను కింది వంటగదిలో నిలబెట్టారు. ఆమె ట్రే కడిగి, అతను చూస్తుండగా నింపి లోపల పెట్టింది. "ఇవి దాచుకోకండి. ఇద్దరం చెరో గ్లాసులో వేసుకు తాగుదాం."

అతను స్విచ్ మీదికి ఉరికాడు.

"ఆగు బావా! పడుకోబెట్టాం కదా, లోపలి నూనె దిగేదాకా నాలుగు గంటలు వెయ్యకూడదు."

పదకొండు నెలలు ఆగిన గడియారాల మెకానిక్, ఆ నాలుగు గంటల్లో తన చేతి గడియారం ఆగిపోయిందేమోనని రెండుసార్లు విప్పి చూశాడు.