రేడియో మూగబోయిన పూట

ఆ మేడలో ఆమెను అందరూ రేడియో వదిన అంటారు. పొద్దున్న పాలగిన్నె పొయ్యిమీద పెట్టింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా ఆమె ప్రసారాలకు విరామం ఉండదు. అలాంటి మనిషి ఆ ఉదయం రెండు పనులు తలపెట్టింది. ఒకటి, సలుపుతున్న దవడపన్ను పీకించుకోవడం. రెండోది, బట్టల బీరువా ఖాళీ చేయడం. మొదటిది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "నొప్పి దాచుకుంటే పెరుగుతుందే, డాక్టరు దగ్గరికెళ్ళు" అని భర్త నెల్లాళ్ళుగా పోరుతుంటే భయంకొద్దీ దాటేస్తూ వచ్చింది. ఇవాళ పీకిన పన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టి ఆ పోరు ఆపించాలని పంతం.

పన్ను అనుకున్నదానికంటే సులువుగానే వచ్చింది. దంతవైద్యురాలు దూది మడిచి దవడన పెట్టి, "గట్టిగా కొరికిపట్టండి. అందరికీ గంట చెబుతాను. మీరు మాత్రం రెండు గంటలు నోరు విప్పొద్దు. విప్పారో, మళ్ళీ రక్తం" అంది. రక్తం మాట వినగానే రేడియో వదిన నోరు కుట్టేసినట్టు మూసుకుంది. పన్నును కాగితంలో చుట్టి పర్సులో వేసుకుని ఇల్లు చేరింది.

బీరువా సర్దడానికి మాటలతో పనిలేదు. వాడని బట్టలు సరిగా చూసుకోకుండానే మూటగట్టి, ఎదురింటి టైలరమ్మ చేతిలో పెట్టి, తల ఊపి వచ్చేసింది. వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికెళ్ళావే?"

కోడలు చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"నిన్నేనమ్మాయ్. పొద్దున్న కూరలో ఉప్పెక్కువైందన్నానని కోపమా? ఏమీ తినకుండానే పోయావు."

కోడలు కాదన్నట్టు తల ఊపి, వాచిన చెంపను వేళ్ళతో తట్టి చూపించింది. అత్తగారు తెల్లబోయింది.

"లెంపలేసుకోమంటావా? నేనా?" కాసేపు ఆలోచించింది. "సరే. ఉప్పు సరిగ్గానే ఉంది. పన్లో పని, ఇదీ చెప్పేస్తున్నా. నీ పింగాణీ గిన్నె పగలగొట్టింది పిల్లి కాదు." ఆవిడ రెండు చెంపలూ మెల్లగా తట్టుకుంది.

ఇలా లాభం లేదు, పన్నే చూపిద్దామని కోడలు పర్సు అందుకుంది. అంతే. మోకాళ్ళ నొప్పులని మెట్లు దిగని అత్తగారు ఒక్క అంగలో వచ్చి ఆ పర్సు లాక్కుని, తన పెట్టెలో పడేసి తాళం వేసింది. "ఇల్లొదిలి పోయేంత మాట నేనేమన్నానే తల్లీ!"

ఇంతలో టైలరమ్మ మూట చంకనేసుకుని రానేవచ్చింది. "పెద్దమ్మగారూ, ఇందులో వదినకిష్టమైన ఆకుపచ్చ శాలువా కూడా ఉంది. మాటాపలుకూ లేకుండా చేతిలో పెట్టి పోయింది. నాకు కాలూ చెయ్యీ ఆడక పరిగెత్తుకొచ్చా."

సరిగ్గా అప్పుడే భర్త ఇంటికొచ్చాడు. ఆ పూట ఆఫీసులో అందరికీ మానసిక ఆరోగ్యం మీద క్లాసు పెట్టి, తర్వాత సెలవిచ్చారు. ఉన్నట్టుండి మౌనం, తిండి మానేయడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం: మనిషి లోపల నలిగిపోతున్నాడనడానికి ఇవీ గుర్తులని విని వచ్చాడు. వాకిట్లోనే అత్తగారూ టైలరమ్మా ఒకరి మాటకొకరు అడ్డొస్తూ ఆ మూడూ వినిపించారు. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

రేడియో వదిన పెన్సిలు వెతికి పట్టుకుంది. ఆయన దాన్ని మెత్తగా తీసి పక్కన పెట్టాడు.

"ఇప్పుడేం రాయక్కర్లేదు. నేనేం అడగను. సలహాలివ్వను. ఊరికే పక్కన కూర్చుంటాను. అలాగే చెయ్యమన్నారు."

ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. నవ్వితే రక్తం. ఆపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ఆయన కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

"ముందు మన సంగతి చెబితే ఎదుటివాళ్ళు నోరు విప్పుతారట. నా సంగతే చెబుతా విను. మేనేజర్ని చేశాక నాకు సరిగా నిద్ర లేదే. తెల్లారకముందే గుండె దడదడలాడుతుంది. ఆఫీసు మెట్ల దగ్గర బూటు లేసు ఊడకపోయినా, కట్టుకుంటున్నట్టు కూర్చుంటా. పైకెళ్ళాలంటే భయం. ఇవాళ క్లాసులో ఆ కౌన్సిలరు గుర్తులు చెబుతుంటే అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. అన్నీ నావేగా, మళ్ళీ రాసుకోవడమెందుకు?"

'ముందే ఎందుకు చెప్పలేదు' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి, దూదికి తగిలి వెనక్కి పోయింది. నవ్వెప్పుడో ఆరిపోయింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎవరూ అడ్డురాకపోవడంతో ఆయన చెబుతూనే పోయాడు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. చెబుతున్నకొద్దీ భుజాలు దిగాయి.

గడువు తీరగానే ఆమె లేచి వెళ్ళి దూది ఉమ్మేసి వచ్చింది. "అత్తయ్యా, నా పర్సు."

పన్ను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. అత్తగారు తన చెంపలు తడుముకుంది.

"నొప్పి దాచుకోకూడదు, డాక్టరు దగ్గరికెళ్ళాలని నెల్లాళ్ళు నా ప్రాణం తీసిందెవరండీ?"

"అది పంటికి."

"పంటికో న్యాయం, మనసుకో న్యాయమా? మీతో నేనూ వస్తా. లోపలికి మీరొక్కరే వెళ్ళండి."

టైలరమ్మ గొంతు సవరించుకుంది. "భయమేం లేదన్నయ్యా. మావారు పోయిన కొత్తలో నేనూ ఓ కౌన్సిలరమ్మ దగ్గరికెళ్ళా. ఇప్పటికీ వారానికోసారి లైబ్రరీ మేడమీద పదిమందిమి కూర్చుని మాట్లాడుకుంటాం. మీరూ రండి."

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?" అంది రేడియో వదిన.

"నువ్వు చెప్పనిస్తే కదొదినా."

ఆ వారమే ఆయన కౌన్సిలరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. బూట్లు విప్పుతూ ఈల కూడా వేశాడు. అత్తగారు ఎదురొచ్చి అడిగింది.

"మందేమైనా ఇచ్చిందా?"

"ఇంకా లేదమ్మా."

"మరి ఏం చేసింది?"

"నేను చెబుతున్నంతసేపూ మధ్యలో ఒక్క మాట అనకుండా వింది."

అత్తగారు కోడలివైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"పాపం, ఆవిడకీ పన్ను పీకారేమిట్రా?"